మూడు గీతల స్క్రూ

వాచీ కొట్టు, వెనక బల్ల
ఫిబ్రవరి 9

మావయ్యా,

నిన్న ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. నీ రెండో చెవి కూడా సెలవు పెట్టేసిందనీ, చెవిలో పెట్టుకునే మిషను గుయ్యిమంటోందని డ్రాయరులో పడేశావనీ, ఏదైనా ఉంటే రాసి పంపమనీ చెప్పింది. సరే, రాస్తున్నాను. నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని మాత్రం అనకు. డ్రాయింగు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గీతలు గీసినవాడితో నేనేం పోటీ పడతాను?

అమ్మ పోయి పదిహేను నెలలైంది. ఆవిడ బల్ల కింది అర తెరవడానికి నాకు ఇన్నాళ్ళకి మనసొప్పింది. పైన అంతా తెలిసిన సామానే. అరిగిన పట్టకార్లు, పగిలిన అద్దాలు, ఏ వాచీవో దేవుడికే తెలియాల్సిన చక్రాలు. అడుగున బొత్తాల డబ్బా ఉంది. బొత్తాల కింద, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డలో చుట్టి, ఒక చేతివాచీ ఉంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ కొట్టులో కూర్చుంటున్నాను, ఇలాంటిది చూడలేదు. డయలు మీద కంపెనీ పేరు లేదు. కీ ఇచ్చే గుండీలు రెండున్నాయి. మామూలు మూడు ముళ్ళు కాక ఎర్రటి పొట్టి ముల్లు ఇంకొకటి, రెండుకి ఐదు నిమిషాల ముందు నిలబడి ఉంది. వెనక మూత మధ్యలో శనగగింజంత బిళ్ళ. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది.

రెండు గుండీలకీ కీ ఇచ్చాను. ఆగకుండా నడిచింది. చేతికి పెట్టుకుని పనిలో పడ్డాను. బ్యాటరీ మార్చమని వచ్చిన పెద్దమనిషి, పాత బ్యాటరీ తనకే ఇచ్చెయ్యాలని అరగంట వాదించి పట్టుకుపోయాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, మణికట్టు మీద ఎవరో వేలితో తట్టారు. చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు, అలా పన్నెండుసార్లు. నేను వెనక్కి తిరిగి చూశాను మావయ్యా. నాన్నకి చెవులు పోయాక మా ఇంట్లో అందరం తట్టే కదా పిలుచుకునేవాళ్ళం. అమ్మే అనుకున్నాను. ఆ తర్వాత కాసేపు కొట్టు తలుపు వేసుకోవలసి వచ్చింది.

ఇదేమిటో నీకు తెలిసే ఉంటుంది. మీ పాత వాచీ కంపెనీ పెద్ద భవనాన్ని వాచీల మ్యూజియం చేస్తున్నారని కూడా విన్నాను. ఎవరినైనా అడిగేముందు నిన్నే అడగాలనిపించింది.

నీ
చిన్నముల్లు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
ఫిబ్రవరి 18

చిన్నముల్లుకి,

పొట్టిగా ఉండి నెమ్మదిగా కదిలేదానివని ఎనిమిదేళ్ళప్పుడు నీకు ఆ పేరు పెట్టాను. ఇప్పటికీ ఉత్తరం కింద అదే సంతకం చేస్తున్నావు. మిగతా ఊరికి నువ్వు పెద్ద మెకానిక్కువి, సంతోషం.

చెవుల గురించి అత్తయ్య చెప్పింది నిజమే. కాకపోతే ఆవిడ మాట వినబడకపోవడం వల్ల నాకు పెద్దగా నష్టమేమీ జరగలేదు. ఈ ఉత్తరం ఆవిడ చదవకుండా నేనే పోస్టు చేస్తాను.

నీకు దొరికింది అక్క చేసిన నమూనా. కంపెనీలో అక్కది అసెంబ్లీ బల్ల అని నీకు తెలుసు. మీ నాన్నది ప్రెస్సు షాపు. అక్కడ పన్నెండు ప్రెస్సులు ఒకేసారి రేకు కొడుతుంటే పక్కవాడు అరిచినా వినబడదు. మధ్యాహ్నం రెండు గంటలకి సైరను మోగగానే యంత్రాలు ఆగుతాయి, తర్వాతి షిఫ్టువాడు వచ్చి మళ్ళీ స్విచ్చి వేస్తాడు. ఒకరోజు బావకి సైరను వినబడలేదు. ప్రెస్సు తనంతట తనే ఆగిందనుకుని, ఇరుక్కున్న రేకు తియ్యడానికి చెయ్యి పెట్టాడు. అవతలివాడు స్విచ్చి వేశాడు. చూపుడువేలు సగం పోయింది.

అప్పుడు అక్క అంది, చెవి వినకపోతే చెయ్యి వింటుంది కదా అని. మోగే వాచీలు అప్పటికే లోకంలో ఉన్నాయి. మోగకుండా తట్టే వాచీ గురించి మాలో ఎవరూ వినలేదు. డ్యూటీ అయ్యాక, పనికిరావని పక్కన పారేసిన భాగాలు ఏరుకుని ఐదు నెలల్లో చేసింది. ఎర్రముల్లు పెట్టిన వేళకి, రెండుకి ఐదు నిమిషాల ముందు తడుతుంది, అంటే చెయ్యి వెనక్కి తీసుకోమని. మేనేజరు చూసి మెచ్చుకున్నాడు. అక్కని ట్రయల్ రూముకి తీసుకుని, అక్కడి ఫిట్టర్ల చేత ఏడు చేయించి, ప్రెస్సు షాపులో ఏడుగురికి కట్టాడు. నెల తిరక్కుండా ఏడూ ఆగిపోయాయి. ఫైలు మూసేశారు. బ్యాటరీ వాచీలు వస్తున్న రోజులు, కీ వాచీ మీద ఎవరికీ ఓపిక లేదు.

అంతే కథ. నలభై ఒక్క ఏళ్ళ కిందటిది. జ్ఞాపకంగా దాచుకో. మూత మాత్రం తెరవకు, లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, ఏదైనా విరిగితే మళ్ళీ దొరకదు.

మ్యూజియం వాళ్ళని కదిలించడం దేనికి? వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు.

మావయ్య


వాచీ కొట్టు
మార్చి 7

మావయ్యా,

వాచీ మెకానిక్కుని పట్టుకుని మూత తెరవకు అంటావేమిటి? నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టిన తర్వాత నేను చేసిన మొదటి పని అదే.

లోపల నూనె ఎండలేదు. మూత లోపలివైపు అమ్మ చేతి గీతలున్నాయి. మా వృత్తిలో వాచీ శుభ్రం చేసిన ప్రతిసారీ మూత లోపల సూదితో తేదీ గీసి పక్కన మన గుర్తు పెడతాం. తర్వాత తెరిచినవాడికి అదే చరిత్ర. అమ్మ గుర్తు చిన్న కొక్కెం. ఆ మూతలో ముప్ఫై తొమ్మిది కొక్కేలున్నాయి మావయ్యా. ఏడాదికొకటి. చివరిది ఆవిడ చెయ్యి వణకడం మొదలైన ఏడాదిది, వంకరగా ఉంది.

ఆ తట్టే మీట ఒక చిన్న స్క్రూ మీద ఊగుతుంది. ఆ స్క్రూ తల మీద మూడు గీతలున్నాయి. అంటే ఎదురు మర ఉన్న స్క్రూ, మామూలు స్క్రూకి వ్యతిరేకంగా తిప్పాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటిది చూసుకోకుండా తిప్పి తల విరిచేశాను. అమ్మ తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఒక్క గీతైతే లోకంతో పాటు తిప్పు, మూడు గీతలైతే లోకానికి ఎదురు తిప్పు" అంది. ఇక్కడ ఎందుకు పెట్టిందో చూడగానే తెలిసింది. మీట తట్టిన ప్రతిసారీ స్క్రూని కాస్త ఒక పక్కకి తోస్తుంది. మామూలు స్క్రూ అయితే తట్టగా తట్టగా వదులై ఊడిపోతుంది. ఇది తట్టేకొద్దీ బిగుసుకుంటుంది. ఎంత తెలివి! ఆవిడ ఏడో తరగతితో బడి మానేసిన మనిషి.

శనివారం మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ వాచీల విభాగం చూసే ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. అద్దాల పెట్టెలో ఆ ఏడింటిలో మిగిలిన ఒక్కటీ ఉంది, ఆగిపోయి. పక్కన టైపు చేసిన చీటీ: "కార్మికుల కోసం చేసిన నమూనా. రూపకల్పన: కంపెనీ డ్రాఫ్ట్స్‌మన్ ఫలానా. మంచి ఆలోచన, కానీ యంత్రలోపం వల్ల విఫలమైంది." ఆ ఫలానా చోట నీ పేరుంది, ఇంటిపేరుతో సహా. ప్రారంభోత్సవానికి నిన్ను వేదిక మీదకి పిలిచారట కూడా. ఇంత గొప్పవాడివని మాకు ఒక్కమాటైనా చెప్పలేదే?

నవ్వుతూనే రాస్తున్నాను కానీ, మావయ్యా, నాకు లోపల నవ్వు రావడం లేదు. విఫలమైందని రాశారు, ఇక్కడ నా చేతికి నలభై ఏళ్ళుగా నడుస్తున్నది ఉంది. నువ్వు చేశావని రాశారు, నాకేమో అమ్మ చేసిందని నువ్వే రాశావు. డ్రాయింగుల మీద నీ సంతకం తప్ప వేరే కాగితం లేదని, కాగితం తెస్తే చీటీ మారుస్తానని ఆవిడ అంది. చీటీలు జూన్ ఇరవైన అచ్చుకి పోతాయి. ఈలోగా వాళ్ళ వాచీని నేను తెరిచి చూడటానికి ఒప్పించాను.

అమ్మ చేతి కాగితం ఒక్కటైనా నీ దగ్గరుంటుంది. వెతుకు.

చిన్నముల్లు


మూడో అంతస్తు
మార్చి 16

అమ్మాయికి,

నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఇల్లు మారినప్పుడు పాతవన్నీ పోయాయి.

మ్యూజియం వాళ్ళు ఏం రాసుకున్నారో నాకు తెలియదు, నేను రాయమనలేదు. పిలిస్తే వెళ్ళి కూర్చుని వస్తాను. పోయినవాళ్ళ పేరు గోడ మీద రాస్తే వాళ్ళేమైనా వచ్చి చదువుతారా? నీకు కొట్టుంది, పనుంది. గడిచిపోయినదాన్ని కెలకడం మంచిది కాదు. వాళ్ళ వాచీ జోలికి వెళ్ళకు. పెద్దవాడిగా చెబుతున్నాను.

మావయ్య


వాచీ కొట్టు
ఏప్రిల్ 4

మావయ్య గారికి,

మీరు పెద్దవాడిగా చెప్పారు కాబట్టి నేను కూడా పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే రాస్తున్నాను.

గురువారం మ్యూజియం ఆవిడ ఎదురుగా, ఆవిడ బల్ల మీదే, ఆ వాచీ తెరిచాను. మీట వేలాడుతోంది. స్క్రూ ఊడి చక్రాల మధ్య ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీసి కంటి అద్దం కింద పెట్టాను. దాని తల మీద ఒక్కటే గీత ఉంది. మామూలు మర.

ఆవిడ ఫైలు తెచ్చి డ్రాయింగు విప్పింది. మీ చేతి గీతలు గుర్తుపట్టడానికి నాకు కంటి అద్దం అక్కర్లేదు, చిన్నప్పుడు నా బడి పుస్తకాలకి మార్జిన్లు కొట్టింది మీరే. స్క్రూ బొమ్మ పక్కన ఒక్క గీతే వేశారు. కింద మీ సంతకం. మూత తెరవకు అని మీరు ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారు. నేనే ఆ మాట పట్టించుకోలేదు.

ఒక్కటే అడుగుతాను. అమ్మ మీకు ఇచ్చిన కాగితంలో ఎన్ని గీతలున్నాయి?

ఆ ఏడు ఆగిపోయాక అమ్మని ట్రయల్ రూము నుంచి తీసేసి మళ్ళీ లైనులో ముళ్ళు తొడిగే పనికి పంపారని నాకు తెలుసు. రిటైరయ్యేదాకా ఆవిడ అదే పని చేసింది. రోజుకి నాలుగువందల వాచీలకి ముళ్ళు. తన పనితనానికి అది చాలునని ఆవిడ అనుకుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. మీరు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అయ్యారు. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేశారు.

నేను ఊరుకోను. నా దగ్గర కాగితం లేకపోవచ్చు, రెండు వాచీలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి ఎవరు అడిగినా చూపిస్తాను. నలుగురిలో మీ పరువు పోతే నాకు బాధే, కానీ ఆ చీటీ అలాగే అచ్చుకి పోతే అంతకన్నా ఎక్కువ బాధ.

వాళ్ళ వాచీ మూత లోపల ఇంకో సంగతి కనబడింది. అది మీ జవాబు వచ్చాక చెబుతాను.

మీ మేనకోడలు


మూడో అంతస్తు, వంటింటి బల్ల
ఏప్రిల్ 29

చిన్నముల్లుకి,

నువ్వు నన్ను ‘మీరు’ అన్నావు. నలభై ఏళ్ళలో మొదటిసారి. తిట్టినా అంత తగిలేది కాదు.

మూడు. అక్క కాగితంలో మూడు గీతలున్నాయి. ఆ కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇల్లు మారినప్పుడు పోయిందని రాసింది అబద్ధం. ఇల్లు మారిన మూడుసార్లూ దాన్ని నా చేతులతోనే తెచ్చాను.

జరిగింది చెబుతాను. అక్కది ఎడమచెయ్యి వాటం. ఆవిడ పెన్సిలు పడితే గీత ఎటు పోతుందో ఆవిడకే తెలియదని మేమంతా నవ్వేవాళ్ళం. మేనేజరు సరైన డ్రాయింగు తెమ్మంటే తన కాగితం నాకిచ్చి, శుభ్రంగా గీసి పెట్టరా అంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. డ్రాయింగు బల్ల దగ్గర నాకన్నా మొనగాడు లేడని పొగరు. స్క్రూ తల మీద మూడు గీతలు కనబడ్డాయి. చెయ్యి కుదరక ఒకే గీతని మూడుసార్లు గీసి ఉంటుందిలే అనుకున్నాను. జాలిపడి ఒక్కటి నీటుగా గీశాను. లేచి మెట్లు దిగి నాలుగు గదులు దాటి వెళ్తే అక్క ఉంది. అడగలేదు. నా పనిలో నేను ఎన్నడూ స్క్రూడ్రైవరు పట్టలేదు చిన్నముల్లూ. ఎదురు మర స్క్రూలు మాకు బయటినుంచి తయారుగా వచ్చేవి, వాటికి డ్రాయింగు గీసే అవసరం నాకు ఎప్పుడూ పడలేదు. మూడు గీతలకి ఒక అర్థం ఉందని బల్లల దగ్గర పనిచేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. మేడ మీద మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా మాకు తోచలేదు.

ఏడూ ఆగాక విచారణ మీటింగు పెట్టారు. తప్పెవరిదని మేనేజరు అడిగాడు. నేను నోరు విప్పేలోపలే అక్క లేచి, "ఆలోచన నాదండీ, తప్పూ నాదే. మీట సరిగా కుదరలేదు" అంది. కాగితాల్లో ఒక కార్మికురాలి సూచన అని రాశారు, పేరు కూడా రాయలేదు. నేను నిజంగానే అక్క ఆలోచనే తప్పనుకున్నాను. ఆ నెలలోనే నాకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది.

నాలుగేళ్ళ తర్వాత ఒక రిపేరు పుస్తకానికి బొమ్మలు గీసే పని పడింది. అందులో మూడు గీతల స్క్రూ, పక్కన ఎదురు మర అని రాసి ఉంది. నా చెయ్యి ఆగిపోయింది. ఇంటికెళ్ళి అక్క కాగితం తీసి చూశాను. అప్పటినుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. చెబుదామని ఎన్ని ఆదివారాలు మీ ఇంటికి వచ్చానో. అక్క కంచం పెట్టేది, నేను తిని వచ్చేవాణ్ణి. ఆవిడకి తెలియదు కదా, తెలియకుండా సుఖంగా ఉంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది అక్క ఉద్యోగం కూడా కాదు. ఫైలు మూసేశాక ప్రెస్సు షాపులో ఇంకో ఇద్దరికి వేళ్ళు పోయాయి. ఒకడికి రెండు, ఒకడికి మూడు. ఆ వాచీలు నడిచి ఉంటే పోయేవి కావు. నేను వేసిన ఒక్క గీత, ఐదు వేళ్ళు.

మ్యూజియం ఉత్తరం వచ్చినప్పుడు అందులో నా పేరు చూసి మురిసిపోయాను. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను. అరగంట మురిసిపోయాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

కాగితం వాళ్ళకివ్వు. ఏం రాయించుకుంటావో రాయించుకో.

మావయ్య


వాచీ కొట్టు
మే 12

మావయ్యా,

కాగితం అందింది. పెన్సిలు గీతలు కాస్త మాసినా మూడూ మూడులాగే ఉన్నాయి, ఒకదానికొకటి సరిగ్గా సమానంగా. మా అమ్మ ఎడమచేత్తో ఎంత చక్కగా గీసేదో నువ్వు అప్పుడు సరిగా చూడలేదు, అంతే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను ఇంక చూడకూడదనుకున్నాను. రెండోసారి ఏడ్చాను. మూడోసారికి కొట్టు తెరిచే వేళైంది.

మూత సంగతి చెబుతానన్నాను కదా. మ్యూజియం వాచీ మూత లోపల సూదిగీతతో ఒక తేదీ ఉంది. పక్కన చిన్న కొక్కెం. ఫైలు ప్రకారం అది విచారణ మీటింగుకి మూడు రోజుల ముందరి తేదీ.

అర్థమైందా మావయ్యా? అమ్మ దాన్ని తెరిచింది. ఊడిన స్క్రూ చూసింది, తల మీద ఒక్క గీత చూసింది. ఎవరు గీశారో ఆవిడకి వేరే చెప్పాలా? మూడు రోజులు ఆలోచించుకుని మీటింగులో లేచి నిలబడి తప్పు నాదే అంది. నువ్వు నోరు విప్పేలోపల అంది, ఎందుకంటే నువ్వు విప్పకూడదని. నీకు ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు కదా.

నువ్వు నలభై ఏళ్ళు ఆవిడకి తెలియదని దాచావు. ఆవిడ నలభై ఏళ్ళు నీకు తెలియదని దాచింది. ఆదివారం భోజనాల దగ్గర మీ ఇద్దరి మధ్య ఇంత పెద్ద సంగతి కూర్చుని ఉంటే, నేను మాత్రం ఇంకాస్త పెరుగు కావాలని గొడవ చేసేదాన్ని.

అమ్మ నిన్ను క్షమించిందా అని నన్నడగకు. నాకు తెలియదు. తట్టే వాచీని ఏడాదికోసారి విప్పి శుభ్రం చేసి మళ్ళీ దాచిందంటే, తనది సరిగ్గానే ఉందని ఏడాదికోసారి తనకి తను చెప్పుకుని ఉంటుంది. నీ మీద ప్రేమ ఉంది, పని మీద పట్టుదల ఉంది. రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలని ఆవిడకి తోచలేదు.

నా సంగతి చెప్పాలంటే, నాకింకా కోపంగానే ఉంది. కానీ నువ్వు అని రాయడానికి చెయ్యి వస్తోంది.

మ్యూజియం ఆవిడ కాగితం చూసి పెన్సిలు కింద పెట్టేసింది. తను చదివిన పుస్తకాల్లో ఇలా చప్పుడు లేకుండా తట్టే కీ వాచీ ఇంత పాతది ఇంకొకటి లేదట. ఉంటే ఉండొచ్చు, వెతుకుతానంది. వాళ్ళ వాచీకి ఎదురు మర స్క్రూ నేను చేసి తొడుగుతాను. పాత వస్తువులో కొత్త ముక్క పెట్టకూడదని మొదట ఒప్పుకోలేదు. ఊడిన స్క్రూని చిన్న గాజుసీసాలో పక్కనే పెడదామంటే ఒప్పుకుంది. చూసేవాళ్ళు రెండు తలలూ చూడాలి, ఒకటి ఒక్క గీతది, ఒకటి మూడు గీతలది.

చీటీలో అమ్మ పేరు నిండా వస్తుంది, అసెంబ్లీ కార్మికురాలు అన్న మాటతో. నీ పేరు కూడా ఉంటుంది. డ్రాయింగు నువ్వే కదా గీసింది. తప్పు ఎక్కడ జరిగిందన్న వాక్యం దగ్గర మ్యూజియం ఆవిడ ఆగిపోయింది. బతికున్న మనిషి గురించి అలా అందరికీ చూపించాలంటే, ఆ మనిషి పదిమందిలో తనే చెప్పాలట. ఆ వాక్యం ఉన్నదీ లేనిదీ రెండు చీటీలు అచ్చు వేయించి, నువ్వు చెప్పాకే ఉన్నదాన్ని పెడుతుందట.

అందుకని నువ్వు రావాలి మావయ్యా. జులై ఆరున. వేదిక మీద నీ కుర్చీ అలాగే ఉంది. సంతకం పెట్టిన ఉత్తరం పంపుతానంటే నేను ఒప్పుకోను. అమ్మ అబద్ధం చెప్పడానికి లేచి నిలబడింది. నిజం చెప్పడానికి నువ్వు నిలబడాలి.

నీకు వినబడదు కదా, నీ వంతు వచ్చిందని ఎలా తెలుస్తుందని అత్తయ్య అడిగిందట. దానికి ఏర్పాటు ఉంది. ఈ ఉత్తరంతో వచ్చే పొట్లం జాగ్రత్తగా విప్పు. కార్యక్రమం కాగితంలో నీ మాట పదకొండున్నరకి. ఎర్రముల్లు ఆ రోజు పొద్దున నేనే పెడతాను.

చిన్నముల్లు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
జులై 11

చిన్నముల్లుకి,

నువ్వు మూడో వరసలోనే ఉన్నావు, జరిగిందంతా కళ్ళారా చూశావు. అయినా నా చొక్కా చేతి కింద జరిగింది నీకు కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఆ పొద్దున జేబులో రెండు కాగితాలు పెట్టుకుని వచ్చాను. ఒకదాంట్లో నిజం. రెండోదాంట్లో, అక్కా నేనూ కలిసి చేశాం, ఏవో చిన్న పొరపాట్లు జరిగాయి, అందరికీ వందనాలు. రెండోది చిన్నగా, మర్యాదగా ఉంది. మెట్లెక్కుతున్నప్పుడు నా చెయ్యి రెండోదాని మీదే ఉంది. ఈ వయసులో నలుగురి ముందు పరువు పోగొట్టుకోవడం ఎందుకని. నన్ను తిట్టుకుంటే తిట్టుకో.

కుర్చీలో కూర్చున్నాను. ముఖ్య అతిథి లేచి మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడాడో నాకేం తెలుసు, పెదాలు ఆడుతున్నాయి, చేతులు ఆడుతున్నాయి. ఆయన కాగితం మందం చూస్తే ఇంకో అరగంట పట్టేలా ఉంది. ఈలోపల కుదుటపడి ఏ కాగితం చదవాలో తేల్చుకుందాం అనుకున్నాను.

అప్పుడు అక్క తట్టింది.

చిన్నప్పుడు బడికి లేవకపోతే ఇలాగే తట్టేది. గట్టిగా కాదు, వదలకుండా. ఒకటి, రెండు, మూడు. నాకు ఇంకేమీ తోచలేదు. లేచి నిలబడ్డాను. నా వంతు వచ్చిందనే అనుకున్నాను. మీటింగులు ఎన్నడు టైముకి నడిచాయి, ఆ ముక్క నాకు తట్టనేలేదు. ముఖ్య అతిథి మాట మధ్యలో ఆపి నా వైపు చూశాడు. హాల్లో అందరూ చూశారు. మ్యూజియం ఆవిడ కూర్చోమని చేత్తో సైగ చేస్తోంది. నువ్వు మాత్రం తల అడ్డంగా ఊపావు, కూర్చోవద్దని.

ఇంక కాగితం తియ్యడానికి టైము ఎక్కడుంది? మణికట్టు మీద ఇంకా తడుతూనే ఉంది. ఆ పన్నెండు దెబ్బలు ఆగేలోపలే చెప్పెయ్యాలనిపించింది. "ఈ వాచీ మా అక్క చేసింది. మా అక్క సరిగ్గా చేసింది. ఏడు వాచీలు ఆగిపోవడానికి కారణం నేను. ఆవిడ గీసిన మూడు గీతల్లో రెండు నేను తీసేశాను, ఎందుకని ఆవిడని అడగలేదు." ఇంతే కదా నేను అన్నది? నా గొంతు నాకు వినబడలేదు, ఎంత గట్టిగా అన్నానో నువ్వే చెప్పాలి. గోడ పక్కన నిలబడిన ప్రెస్సు షాపు ముసలాయన, రెండు వేళ్ళు లేని చెయ్యెత్తి నాకేసి చూపించాడు. దణ్ణమో శాపమో నాకు తెలియలేదు. కిందికి దిగాక ఆయన దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన లాక్కోలేదు.

అద్దాల పెట్టెలో ఆ వాచీ నడుస్తోంది. కొత్త చీటీ చదివాను. అక్క పేరు చదివాను, ఆ కింద నా పేరు, ఆ కింద తప్పు డ్రాయింగులో జరిగింది, ఆలోచనలో కాదు అన్న వాక్యం. నలభై ఏళ్ళలో నా గురించి అచ్చయిన మంచిమాట అదొక్కటే అనిపించింది.

నా చేతి వాచీ తిరిగి ఇచ్చెయ్యమంటావేమో అని అడగకుండానే ఇంటికి తెచ్చేశాను. ఏడాదికోసారి నీ దగ్గరికి తెస్తాను. శుభ్రం చేసి, మూతలో తేదీ వేసి, మీ అమ్మ కొక్కెం పక్కన నీ గుర్తు పెట్టు.

అత్తయ్య ఎర్రముల్లుని మందుల వేళకి మార్చమంటోంది. మార్చలేదు. రెండుకి ఐదు నిమిషాల ముందే పెట్టుకున్నాను. ఆ వేళకి ఏ పనిలో ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకుని, పన్నెండూ అయ్యేదాకా ఊరికే కూర్చుంటున్నాను.

నీ మావయ్య